పడమర హద్దు సంతకం

2023 జనవరి. ఏలూరు పవర్‌పేటలో ఒక మేడమీద రెండు గదులు నా ఆఫీసు. అప్పటికి నేను శాసనమండలి సభ్యుడినై రెండేళ్ళు. అంతకుముందు తాడేపల్లిగూడెంలో కొంతకాలం, ఏలూరులో చాలాకాలం కాలేజీలో అర్థశాస్త్రం చెప్పాను. ఒక పార్టీ వారు విధానాల మీద పని చేయడానికి మనిషి కావాలని పిలిస్తే వెళ్ళాను.

పాఠాలు చెప్పుకునేవాడికి అక్కడేం పని అని చాలామంది అడుగుతుంటారు. పని ఎక్కువగా ఫారాలు రాయడమే. ఉపన్యాసాలు పత్రికల్లో వస్తాయి. చట్టం మాత్రం చివరికి రైతు చేతికి ఒక ఫారంగా చేరుతుంది. ఆ ఫారంలో ఏ గడి ఉంది, ఏ గడి లేదు అన్నదే ఆయనకు తెలిసిన విధానం. నేను రాసిన ఫారాల్లో ఒకదాని గురించి ఇక్కడ చెబుతాను.

అంతకుముందు ఏడాది చేపల చెరువుల అనుమతుల నిబంధనలు సవరించడానికి ఒక చిన్న కమిటీ వేశారు. దానికి నేను అధ్యక్షుడిని. కొల్లేరు చుట్టుపక్కల వాళ్ళకు సమస్య వివరించనక్కర్లేదు. మిగతా వారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఒకాయన వరిచేను తవ్వి చేపల చెరువు చేస్తాడు. చెరువులో ఏడాది పొడవునా నీళ్ళుంటాయి కాబట్టి గట్టు అవతలి చేనులోకి ఊట దిగుతుంది. కోతకు చేను ఆరదు. కోత మిషన్ దిగబడుతుంది. రెండు మూడేళ్ళు చూసి ఆ చేను ఆసామీ కూడా విసిగిపోయి చెరువుకు ఇచ్చేస్తాడు. అప్పుడు ఊట ఇంకో గట్టు దాటుతుంది. దీన్ని అర్థశాస్త్రంలో ఎక్స్‌టర్నాలిటీ అంటారు. ఇద్దరి మధ్య కుదిరిన పనికి నష్టం మూడోవాడి మీద పడటం. ఆ మూడోవాడిని కూడా బేరంలోకి తీసుకురావడమే దానికి మందు అని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను.

ఆ పాఠాన్నే ఒక పేజీ ఫారంగా రాశాను. సరిహద్దు రైతుల అంగీకార పత్రం. దస్తావేజులో హద్దులు రాసినట్టే తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని నాలుగు గడులు. నాలుగు వైపులా పట్టాదార్లు సంతకం పెడితేనే చెరువు తవ్వాలి. కమిటీలో అందరూ బాగుందన్నారు. ముందు పైలట్‌గా, అంటే ప్రయోగంగా, కొద్ది గ్రామాల్లో పెట్టి చూద్దామన్నారు. ఆ గ్రామాల జాబితాలో ముదినేపల్లికి అవతల ఉన్న మా ఊరు కూడా పడింది. నేను వేయించలేదు, తీయించనూ లేదు.

మా ఇంటి సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి. సానుభూతి కోసం కాదు, అది లేకపోతే జరిగింది అర్థం కాదు. మా ఇంటిని ఊళ్ళో దివాణం అనేవారు. ముత్తాతగారి నాడు కాలువ గట్టు మీద నిలబడితే కనపడినంత మేరా మాదే. అందులో సగం వ్యాజ్యాల్లో పోయింది, సగం పరువు నిలబెట్టుకోవడంలో పోయింది. ఇల్లు కూడా పోయింది. నా దాకా వచ్చింది రెండున్నర ఎకరాల మాగాణీ, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోని ఇల్లు అన్న పేరూ. ఆ రెండోదాన్ని నేను మొదటిదానికన్నా ఎక్కువ జాగ్రత్తగా చూసుకున్నాను.

ఆ రెండున్నర ఎకరాలు కౌలుకు చేసేది మంగతాయారు. మొదట ఆమె భర్త ఏడుకొండలు చేసేవాడు, అతను పోయాక తాయారే చేస్తోంది. కౌలు కాగితం ఎప్పుడూ లేదు. ఉగాది వెళ్ళిన వారంలో వాళ్ళు తమలపాకులు, వక్కలు తెచ్చి "ఈ ఏడూ మేమేనండీ" అనేవారు. ఆకులు అందుకుని "మీరే" అనేవాడిని. అంతే. మా నాన్నగారు ఏడుకొండలు తండ్రితోనూ అలాగే అనేవారు.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఉదయం ప్రసాద్ అనే చెరువుల రైతు ఏలూరు వచ్చాడు. నా చేనుకు తూర్పున ఎనిమిదెకరాలు అతనిదే. కుర్చీ అంచున కూర్చుని ఫారం బల్ల మీద పెట్టాడు.

"దివాణం వారి సంతకం లేకపోతే మా చెరువులో నీళ్ళు పడవంటున్నారండీ," అన్నాడు నవ్వుతూ.

"రూలు నేను పెట్టిందే. నాకూ వర్తిస్తుంది."

"మరేనండీ. మిగతా మూడూ అయిపోయాయి. తూర్పాయన హైదరాబాదులో ఉంటాడండీ, కొరియర్‌లో పంపించాడు. పడమర ఒక్కటీ తమరిదండీ."

"ఊట కాలువ తవ్విస్తున్నావా?"

"ఎందుకు తవ్వించనండీ? ప్లానులో ఉంది చూడండి. మీ తాతగారు మా నాన్నకి నోటి మాట మీద ఒక గట్టు వదిలేశారంటండీ. కాగితం లేదు, కలం లేదు. మా నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు."

ప్లాను చూశాను. గట్టు వెంబడి ఊట కాలువ గీసి ఉంది. చెరువు నుంచి దిగే నీటిని పట్టి పక్కకు తీసుకుపోయే చిన్న కాలువ అది. సంతృప్తిగా సంతకం పెట్టాను. నా ఫారం పని చేస్తోందని కూడా అనుకున్నాను. హైదరాబాదులో ఉన్న మనిషి కొల్లేరు ఊటకు కొరియర్‌లో ఎలా ఒప్పుకున్నాడన్న ప్రశ్న నాకు ఆ పూట రాలేదు.

మార్చి మొదట్లో పైలట్ మీద పబ్లిక్ హియరింగ్ పెట్టాం. నిబంధన ఖరారు కాకముందు జనం ముందు కూర్చుని అభ్యంతరాలు వినడం అన్నమాట. మండల ఆఫీసు పక్కన సమావేశం హాలు. దాళ్వా, అంటే రెండో పంట వరి, పొట్ట మీద ఉన్న రోజులు, చేలల్లో పని తక్కువ కాబట్టి జనం బాగానే వచ్చారు. నా కుడివైపు కమిటీ కార్యదర్శి, ఫైళ్ళలో దిట్ట అయిన అధికారిణి. ఆమె ఒక్కొక్క దరఖాస్తూ చదువుతోంది, అభ్యంతరం ఉంటే అడుగుతోంది. ప్రసాద్ దరఖాస్తు చదివి నాలుగు సంతకాలూ ఉన్నాయని చెప్పి పేజీ తిప్పబోతుండగా ఆడవాళ్ళ వరసలోంచి తాయారు లేచింది.

"నాదో మాటండీ."

"పేరు, సర్వే నంబరు చెప్పండమ్మా," అంది కార్యదర్శి.

"పేరు మంగతాయారండీ. నంబరు నాకు లేదండీ. ఆ చెరువుకి పడమటి చేను నేను చేత్తానండీ."

కార్యదర్శి కాగితం చూసింది. "పడమర హద్దుదారు ఒప్పుకున్నారు కదమ్మా. సంతకం ఉంది."

"ఉందండీ. పెట్టినాయన మీ పక్కనే ఉన్నారండీ."

హాల్లో నవ్వులు. నేను మైకు దగ్గరకు లాక్కున్నాను. "తాయారూ, ఊట కాలువ తవ్వుతున్నారు. ప్లానులో ఉంది. నేను చూశాను."

"ప్లాను చూశారండీ. చేను చూసి ఎన్నాళ్ళయిందండీ?"

నాలుగేళ్ళు. మనసులోనే లెక్క వేసుకున్నాను.

"ఆ ఊట కాలువ ఎక్కడికి పోద్దండీ? చేల మధ్య మన బోదె కాలవలోకేనండీ. ఆ బోదె పూడిపోయి రెండేళ్ళయింది. అది పొంగితే నీళ్ళు తమరి సంతకంలోకి వత్తాయా, నా మడిలోకి వత్తాయా? ఎండల్లో చెరువు తవ్వేత్తారు. వానలొచ్చాక సార్వాకి నేను ఏ నేలలో నారు ఊడవాలండీ?"

కార్యదర్శి తన పని తాను చేసింది. "మీ దగ్గర సాగు హక్కు కార్డు ఉందా?" అని అడిగింది. కౌలు రైతుకు ప్రభుత్వం ఇచ్చే పత్రం అది. పంట బీమాకు, బ్యాంకుకు, ధాన్యం కొనుగోలుకు అదే ఆధారం. భూమి గలాయన సంతకం పెడితేనే ఇస్తారు.

"లేదండీ. ఎందుకు లేదో బాబుగారికి తెలుసండీ."

వెనక వరసలోంచి ఒక పెద్దాయన, "దివాణం మాటుండగా నీకు కార్డెందుకే తాయారూ! ఆ మాటకే ఫ్రేము కట్టించుకో!" అన్నాడు.

"మాటకి ఊట తగల్దులే మావయ్యా. చేనుకే తగులుద్ది," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

ఎందుకు లేదో నాకు నిజంగానే తెలుసు. మూడేళ్ళ క్రితం ఆమె ఆ కార్డు దరఖాస్తు పట్టుకుని ఏలూరు వచ్చింది. నేను చదవలేదు. "మన మధ్య కాగితాలేమిటి తాయారూ? ఏడుకొండలు నా దగ్గర ఎప్పుడైనా కాగితం అడిగాడా?" అన్నాను. కోపంతో అనలేదు. గౌరవించి పంపించాననే అనుకున్నాను. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని కాఫీ తాగి వెళ్ళింది. ఆ ఏడాది తుపానుకు పంట పడిపోయినప్పుడు బీమా జాబితాలో ఆమె పేరు లేదు. ఆ సంగతి ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. నా డాక్టరేటు పరిశోధన నోటి కౌళ్ళ మీదే. డెల్టాలో చేలు చేసేవారి పేర్లు రికార్డుల్లో ఎందుకు ఉండవన్నదే అందులో ప్రశ్న. కాగితం రాస్తే కౌలుదారు భూమి తనదంటాడేమో అని యజమానులు భయపడతారని ఒక పెద్ద అధ్యాయం రాశాను. నాకు తాయారు అంటే ఆ భయం ఎన్నడూ లేదు. కాబట్టి ఆ అధ్యాయం నాకు వర్తించదని అనుకున్నాను. కాగితం అడగడం ఇంటికి అవమానం అనుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నేను ఏ ఊళ్ళోనూ లెక్క తీయలేదు. భయంతో ఇవ్వకపోయినా పరువు కోసం ఇవ్వకపోయినా కౌలుదారు చేతిలో ఉండేది ఖాళీయే.

టీ విరామంలో ప్రసాద్ వరండాలో నా దగ్గరకు వచ్చాడు. గొంతు తగ్గించి మర్యాదగానే మాట్లాడాడు.

"ఏవండీ, తమరు సంతకం వెనక్కి తీసుకుంటారా ఏంటండీ? తవ్వకానికి పొక్లెయిన్ ఆయనకి చెప్పేశానండీ."

"ఆలోచిస్తున్నాను."

"నా చెరువు సంగతి పక్కన పెట్టండి. దివాణం వారు పెట్టిన సంతకం కొట్టేసుకున్నారని రేపు మా ఊళ్ళో అనుకోరా అండీ? మా నాన్నే బతికుంటే నమ్మేవాడు కాదండీ."

అతను బెదిరించడం లేదు. నా గురించి నిజంగానే బాధపడుతున్నాడు. అతనికి తెలియకుండానే సరైన చోట వేలు పెట్టాడు. మా వాళ్ళు చేలు పోగొట్టుకున్నారు, మేడ పోగొట్టుకున్నారు. ఇచ్చిన మాట మాత్రం కొట్టేసుకోలేదు. ఆ పని మొదట చేసేది నేనేనా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎక్స్‌టర్నాలిటీ సాయానికి రాలేదు.

టీ చల్లారిపోయింది. వరండాలోంచి చూస్తే హాలు మెట్ల మీద తాయారు కూర్చుని పక్కావిడతో ఏదో చెబుతోంది, నా వైపు చూడటం లేదు. ఒక సంగతి అప్పుడు తట్టింది. నేను ఇచ్చిన మాట ఒకటి కాదు, రెండు. ప్రసాద్‌కు ఇచ్చింది రెండు నెలల నాటిది, కాగితం మీద ఉంది. తాయారుకు ఇచ్చింది ఏడాదికొకసారి చొప్పున ఏళ్ళ తరబడి ఇస్తూ వచ్చింది, ఎక్కడా లేదు. "మీరే" అంటే చేను చేసుకోండి అని. చేయడానికి చేను లేకుండా చేసే కాగితం మీద సంతకం పెట్టిన రోజే ఆ మాట పోయింది. పోయినట్టు నాకు తెలియలేదు, అంతే. రెండిట్లో ఒకటి ఎలాగూ నిలవదు. పాతది నిలబెట్టాలి.

విరామం తరువాత ఆ ఒక్క దరఖాస్తు వరకు అధ్యక్ష స్థానం మరో సభ్యుడికి ఇచ్చి, బల్ల దిగి జనం మాట్లాడే చోటుకు వెళ్ళి నిలబడ్డాను. కార్యదర్శి తడబడలేదు.

"పేరు, సర్వే నంబరు చెప్పండి," అంది.

రెండూ చెప్పాను. "పడమర హద్దు సంతకం నాది. ఆ చేను చేసేది నేను కాదు. చేసే మనిషిని అడగకుండా పెట్టాను. సంతకం ఉపసంహరించుకుంటున్నాను," అన్నాను. ఆమె రాసుకుంది. వెనక నుంచి ఫ్రేము పెద్దాయన ఏదో అన్నాడు, ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రసాద్ తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు.

ఆ వారంలోనే మా ఊరి సచివాలయానికి వెళ్ళాను. కార్డు దరఖాస్తు మీద భూయజమాని, సాగుదారు ఇద్దరూ సంతకాలు పెట్టాలి. కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి కొత్తగా చేరినట్టుంది. నన్ను తలెత్తి చూడకుండా "తండ్రి పేరు?" అంది. మా ఊళ్ళో నా తండ్రి పేరు నేను చెప్పవలసి రావడం అదే మొదటిసారి. చెప్పి, చూపించిన చోట సంతకం పెట్టి, ఫారం తాయారుకు ఇచ్చాను. ఆమె పెన్ను తీసుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఉండండి. చదవనివ్వండి."

"మామూలు ఫారమే తాయారూ."

"అలాగేనండీ. చదివే పెడతానండీ. చదవకుండా పెడితే ఏమవుద్దో మొన్న చూశాం కదండీ."

వేలు పెట్టి లైను లైనూ చదివింది. నా వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. నేను నిలబడ్డాను. నా జీవితంలో కాలేజీ వాళ్ళు, పార్టీ వాళ్ళు, మంత్రులు నన్ను చాలాసేపు నిలబెట్టారు. వాటిలో ఏదీ నాకు ఇంతగా గుర్తు లేదు.

ప్రసాద్ చెరువు ఏమైందని అడుగుతారు. తవ్వాడు. పడమర సంతకం కోసం ఈసారి అతను ఏలూరు రాలేదు, తాయారు ఇంటికి వెళ్ళాడు. బోదె పూడిక అతని ఖర్చుతో తీయించాలి, ఏటా తీయిస్తూ ఉండాలి. ఊట కాలువ ప్లానులో ఉన్నదానికి రెట్టింపు వెడల్పు ఉండాలి. దాళ్వా కోత అయ్యేదాకా పొక్లెయిన్ గట్టెక్కకూడదు. ఇవన్నీ రాయించుకుని, చదువుకుని, అప్పుడు ఆమె సంతకం పెట్టింది, దాని కింద నేనూ పెట్టాను. షరతులు పెట్టాల్సింది నేనే అయితే ఇందులో ఒక్కటి కూడా నాకు తోచేది కాదు. నష్టపోయేవాణ్ణి బేరంలోకి తేవాలన్న నా పాఠం తప్పు కాదు. తేవలసిన మనిషి ఎవరో కనుక్కోకుండా పాఠం చెప్పాను.

కమిటీలో ఫారాన్ని మార్చాం. ప్రతి హద్దు గడి కింద సాగుదారు పేరు, సంతకం అని ఇంకో గడి పెట్టాను. పార్టీలో ఒక పెద్దాయన నన్ను పిలిచి, "ప్రొఫెసర్ గారూ, కౌలుదారు పేరు కాగితం మీద చూస్తే భూములున్నవాళ్ళు ఉలిక్కిపడతారండీ. కొంచెం మెత్తగా రాయండి," అన్నారు. చివరికి ఆ గడి మిగిలింది, దాని పక్కన "ఉన్నచో" అన్న మాట చేరింది. తప్పించుకోవడానికి ఆ ఒక్క మాట చాలు. చాలా ఫారాల్లో ఆ గడిలో "లేరు" అని రాసి వస్తోంది. ఆ చేలల్లో వరి మాత్రం ఎవరో ఒకరు ఊడుస్తూనే ఉన్నారు. దాన్ని విజయమని చెప్పుకోను. ఆ మాట తీయించే పనిలో ఉన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చే కుర్రకారు మీరేం నేర్చుకున్నారని అడిగితే ఒకటే చెబుతాను. ఇప్పుడు ఏ ఫారం రాసినా మొదటి కాపీ నా సొంత చేనుకు నేనే నింపుతాను. కలం తడబడిన గడి గురించి బెంగ లేదు, అక్కడ మనిషి ఆలోచిస్తాడు. ఎక్కడ ఆగకుండా, సంతోషంగా సంతకం పెట్టేస్తానో ఆ గడి దగ్గర ఎవరిని మరిచిపోయానా అని వెతుకుతాను.

కార్డు ఏటా కొత్తగా రాయించుకోవాలి. మరుసటి సంవత్సరం ఉగాది వెళ్ళిన వారంలో తాయారు ఏలూరు వచ్చింది. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, వాటి మీద మడిచిన దరఖాస్తు.

"ఈ ఏడూ మేమేనండీ," అంది.

నేను ముందు కాగితం తీసుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆమె కాసేపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిదానంగా చదవండి బాబుగారూ. ఆకులు తడిగుడ్డలో చుట్టే తెచ్చానండీ."

చివరిదాకా చదివి సంతకం పెట్టాను. ఆ తరువాత ఆకులు అందుకుని, "మీరే," అన్నాను.